కాంట్రాక్టు సిబ్బందితో పని: సంస్థలూ ఏజెన్సీలూ చట్టం దాటకుండా నడవడానికి సమగ్ర మార్గదర్శి

"వాళ్లు మా రోల్స్‌లో లేరండీ, కాంట్రాక్టర్ మనుషులు." కార్మిక శాఖ నుంచి నోటీసు వచ్చినప్పుడు చాలా కంపెనీల హెచ్‌ఆర్ విభాగాలు మొదట చెప్పే జవాబు ఇదే. ఈ జవాబుతో బాధ్యత తీరదు. మన దేశంలో కాంట్రాక్టు కార్మికుల చట్టం మొదటినుంచీ ఒకే సూత్రం మీద నిలబడి ఉంది: కాంట్రాక్టర్ జీతం ఎగ్గొడితే పని చేయించుకున్న సంస్థ, అంటే ప్రిన్సిపల్ ఎంప్లాయర్, ముందు తాను చెల్లించాలి, తర్వాత కాంట్రాక్టర్ దగ్గర వసూలు చేసుకోవాలి. పీఎఫ్ (భవిష్య నిధి)కీ ఈఎస్‌ఐ (ఉద్యోగుల ప్రభుత్వ బీమా)కీ ఇదే వరస. కాబట్టి అగ్రిమెంట్ ఎంత గట్టిగా రాసుకున్నా చట్టం దృష్టిలో మీరు బయటివాళ్లు కారు. ఈ సంగతి ఒప్పుకుని పని మొదలుపెడితే తర్వాతి అడుగులన్నీ తేలికవుతాయి.

మనుషులను పెట్టుకునే కంపెనీలకూ, సరఫరా చేసే స్టాఫింగ్ ఏజెన్సీలకూ కలిపి ఇది రాస్తున్నాను. ఒకరి తప్పుకు రెండోవారు మూల్యం చెల్లించే వ్యాపారం ఇది. ఇద్దరూ తప్పు చేస్తే నష్టపోయేది నెలకు పాతిక వేలు కూడా రాని మనిషి.

ముందు చట్టం ఎక్కడుందో చూద్దాం

దశాబ్దాల పాటు ఈ రంగాన్ని నడిపింది 1970 నాటి కాంట్రాక్టు కార్మికుల నియంత్రణ, రద్దు చట్టం. 20 మంది కాంట్రాక్టు కార్మికులుంటే అది వర్తించేది. 2025 నవంబర్ 21 నుంచి నాలుగు లేబర్ కోడ్‌లు అమల్లోకి వచ్చాయి: వేతనాల కోడ్, పారిశ్రామిక సంబంధాల కోడ్, సామాజిక భద్రత కోడ్, వృత్తి భద్రత-ఆరోగ్యం-పని పరిస్థితుల కోడ్. కాంట్రాక్టు కార్మికుల అధ్యాయం ఈ చివరిదానిలో ఉంది. దాన్ని ఇక్కడ భద్రతా కోడ్ అంటాను. ఇందులో పరిమితి 50 మంది. గత పన్నెండు నెలల్లో ఏ ఒక్క రోజైనా ఆ సంఖ్యకు చేరి ఉంటే చాలు, అధ్యాయం వర్తిస్తుంది.

చాలామంది పొరబడేది ఇక్కడే. "మాకు యాభై మంది లేరు, మాకేమీ అంటదు" అనుకుంటారు. ఆ 50 కాంట్రాక్టర్ తీసుకోవాల్సిన లైసెన్స్‌కూ, ఆ అధ్యాయానికీ మాత్రమే. కనీస వేతనం ఒక్క మనిషి ఉన్నా వర్తిస్తుంది. ఈఎస్‌ఐ 10 మందికి, పీఎఫ్ 20 మందికి మొదలవుతుంది. లైంగిక వేధింపుల నిరోధక చట్టం కింద అంతర్గత కమిటీ 10 మంది ఉన్నచోట తప్పనిసరి. ప్రతి చట్టానికీ దాని లెక్క దానిదే. మీ రాష్ట్ర నియమాలు, కనీస వేతనాల నోటిఫికేషన్లు ఇప్పుడు ఏ దశలో ఉన్నాయో కార్మిక శాఖ పోర్టల్‌లో స్వయంగా చూడండి. వాట్సాప్‌లో తిరిగే పట్టికలను నమ్మి రేట్లు కట్టకండి.

మొదటి అడుగు: ఆ పని కాంట్రాక్టుకు ఇవ్వొచ్చా?

భద్రతా కోడ్ 57వ సెక్షన్ ప్రకారం సంస్థ ప్రధాన కార్యకలాపాల్లో కాంట్రాక్టు కార్మికులను పెట్టకూడదు. తెలుగువాళ్లకు ఈ ఆలోచన కొత్త కాదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2003లోనే పాత చట్టానికి సవరణ తెచ్చి ఇదే పద్ధతి పెట్టింది.

ప్రధానమంటే ఆ సంస్థ దేనికోసం పుట్టిందో ఆ పని, దానికి తప్పనిసరైన పని. పారిశుద్ధ్యం, సెక్యూరిటీ, క్యాంటీన్, లోడింగ్-అన్‌లోడింగ్, కొరియర్, తోటపని, హౌస్‌కీపింగ్, లాండ్రీ, రవాణా, నిర్మాణ-నిర్వహణ పనుల వంటివి సాధారణంగా ప్రధానమైనవి కావని కోడ్ స్వయంగా జాబితా ఇచ్చింది. అయితే సంస్థ ఏర్పడిందే ఆ పని కోసమైతే లెక్క తిరగబడుతుంది. బట్టల మిల్లుకు క్యాంటీన్ ప్రధానం కాదు. క్యాటరింగ్ కంపెనీకి వంటే ప్రధానం.

మినహాయింపులు మూడున్నాయి. ఆ పని మామూలుగానే కాంట్రాక్టర్ల ద్వారా జరిగేదై ఉండాలి. లేదా రోజులో ఎక్కువ గంటలు పూర్తికాలం మనుషులు అక్కర్లేని పనై ఉండాలి. లేదా పని హఠాత్తుగా పెరిగి, ఫలానా గడువులో ముగించాల్సి ఉండాలి. మూడోదాన్ని వాడుకునేవాళ్లు ఆ పెరుగుదలకు ఆధారం దాచుకోండి: ఆర్డర్ కాపీ, గడువు తేదీ, ఎంతమంది కావలసి వచ్చారో చూపే నోట్. మూడేళ్లుగా నడుస్తున్న "హఠాత్తు పెరుగుదల"ను ఏ అధికారీ ఒప్పుకోడు.

మెషీన్ మీద పర్మనెంట్ ఆపరేటర్ పక్కనే, అదే మెషీన్ మీద, అదే పని చేసే కాంట్రాక్టు ఆపరేటర్ ఉన్నాడంటే మీ ఏర్పాటులో ఏదో తేడా ఉందని గుర్తు. అక్కడినుంచే సరిచేయడం మొదలుపెట్టండి.

రెండో అడుగు: అసలు కాంట్రాక్టే కావాలా?

పని ప్రధానమైనదే, కానీ రెండేళ్లకే మనుషులు కావాలి అనుకుంటే ఏజెన్సీ వైపు పరుగెత్తే ముందు ఫిక్స్‌డ్ టర్మ్ ఉద్యోగం గురించి ఆలోచించండి. ఇందులో మనిషి నేరుగా మీ ఉద్యోగి. రాతపూర్వక ఒప్పందం, కాలపరిమితి ఉంటాయి. అదే పని చేసే పర్మనెంట్ ఉద్యోగితో సమానంగా వేతనం, పనిగంటలు, సౌకర్యాలు ఇవ్వాలి. గ్రాట్యుటీకి అయిదేళ్లు ఆగనక్కర్లేదు, ఏడాది పనిచేస్తే దామాషాలో వస్తుంది. గడువు తీరి ఒప్పందం ముగిస్తే అది రిట్రెంచ్‌మెంట్ (యజమాని ఉద్యోగం నుంచి తొలగించడం) కిందికి రాదు.

ఖర్చు కొంచెం ఎక్కువ కనిపిస్తుంది. కానీ ఏజెన్సీ సర్వీస్ ఛార్జి, దాని మీద జీఎస్టీ, ప్రతి నెలా తనిఖీ చేసే శ్రమ, వివాదం వస్తే లాయరు ఫీజు అన్నీ కలిపి చూస్తే ప్రధానమైన పనులకు ఇదే మేలని నా గట్టి అభిప్రాయం.

ఏజెన్సీలకు సంబంధించిన ముఖ్యమైన సంగతి ఒకటుంది. కాంట్రాక్టర్ దగ్గర పర్మనెంట్‌గా ఉంటూ, నిర్ణీత కాలానికోసారి ఇంక్రిమెంట్, పీఎఫ్-ఈఎస్‌ఐ వంటి భద్రత, ఇతర సౌకర్యాలు పొందుతున్న ఉద్యోగిని క్లయింట్ దగ్గరికి పంపితే, అతను కోడ్ నిర్వచనం ప్రకారం కాంట్రాక్టు కార్మికుడు కాడు. నైపుణ్యం ఉన్న సాంకేతిక సిబ్బందిని పంపే సంస్థలకు ఇది పెద్ద వెసులుబాటు. కానీ అపాయింట్‌మెంట్ లెటర్, ఇంక్రిమెంట్ రికార్డు, ప్రాజెక్టు లేని నెలల్లో కూడా జీతం ఇచ్చిన దాఖలా, అన్నీ చేతిలో ఉండాలి.

మూడో అడుగు: కాంట్రాక్టర్‌ను ఎంచుకోవడం

లైసెన్స్ అవసరమైన కాంట్రాక్టర్‌కు లైసెన్స్ లేకపోతే ఏమవుతుంది? భద్రతా కోడ్ 54వ సెక్షన్ ప్రకారం అతని ద్వారా వచ్చిన కార్మికులను ప్రిన్సిపల్ ఎంప్లాయరే నియమించినట్టు పరిగణిస్తారు. పాత చట్టం కింద పరిస్థితి వేరు. రిజిస్ట్రేషన్ గానీ లైసెన్స్ గానీ లేకపోయినంత మాత్రాన కార్మికులు ప్రిన్సిపల్ ఎంప్లాయర్ ఉద్యోగులైపోరని దీనానాథ్ వర్సెస్ నేషనల్ ఫెర్టిలైజర్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ తీర్పును గుర్తుపెట్టుకుని ధీమాగా ఉన్న పాత తరం మేనేజర్లు ఇప్పుడు మారాలి. లైసెన్స్ కాపీ చేతికి రాకుండా ఒక్క మనిషినీ గేటు లోపలికి రానీయకండి.

లైసెన్స్ అయిదేళ్లకు ఇస్తారు. ఒకటికంటే ఎక్కువ రాష్ట్రాల్లో మనుషులను పెట్టే కాంట్రాక్టర్ ఒకే ఉమ్మడి లైసెన్స్ తీసుకోవచ్చు. లైసెన్స్‌లో ఎంతమందికి అనుమతి ఉందో చూడండి. అతను ఇతర క్లయింట్ల దగ్గర పెట్టిన మనుషులనూ కలిపి ఆ సంఖ్య దాటుతున్నాడేమో అడగండి. కొత్త వర్క్ ఆర్డర్ వచ్చినప్పుడల్లా కాంట్రాక్టర్ ప్రభుత్వానికి సమాచారమివ్వాలి, ఆ రసీదు కాపీ మీ ఫైల్‌లో ఉండాలి.

సెక్యూరిటీ గార్డులైతే 2005 నాటి ప్రైవేటు సెక్యూరిటీ ఏజెన్సీల చట్టం కింద విడి లైసెన్స్ కావాలి. లేబర్ లైసెన్స్ ఉంది కదా అని దీన్ని వదిలేయకూడదు.

వీటితోపాటు పీఎఫ్ కోడ్ నంబరు, ఈఎస్‌ఐ కోడ్ నంబరు, జీఎస్టీ రిజిస్ట్రేషన్, గత ఆరు నెలల చలానాలు అడగండి. నేనైతే ఇంకొకటి చేయమంటాను: అతని దగ్గర ఇప్పటికే పనిచేస్తున్న నలుగురైదుగురు కార్మికులతో అతను లేనప్పుడు మాట్లాడండి. జీతం ఏ తారీఖున పడుతుంది, పేస్లిప్ ఇస్తున్నారా, పీఎఫ్ మెసేజ్ ఫోన్‌కు వస్తోందా, చేరేటప్పుడు డబ్బు తీసుకున్నారా అని అడగండి. ఆ నలుగురి మాటలకు కట్టలకొద్దీ సర్టిఫికెట్ల కన్నా విలువెక్కువ.

చేరేటప్పుడు డబ్బు వసూలు చేయడం ఈ రంగాన్ని పట్టిన పెద్ద జబ్బు. కాంట్రాక్టు కార్మికుడి నుంచి నేరుగా గానీ దొడ్డిదారిన గానీ ఏ ఫీజూ కమీషనూ తీసుకోకూడదని కోడ్ 49వ సెక్షన్ స్పష్టంగా అంటోంది. యూనిఫాం డిపాజిట్, ట్రైనింగ్ ఫీజు, ఐడీ కార్డు ఛార్జి పేర్లతో తీసుకున్నా అదే. ఏజెన్సీ యజమానికి తెలియకుండా సైట్ సూపర్‌వైజర్లు వసూలు చేసే సందర్భాలూ ఉంటాయి. అందుకే ఏజెన్సీలు "ఎవరికీ డబ్బు ఇవ్వొద్దు" అని అపాయింట్‌మెంట్ లెటర్‌లోనే రాసి, ఫిర్యాదు నంబరు పెట్టాలి.

నాలుగో అడుగు: రేటు

చట్టం సాధారణంగా తప్పేది కొటేషన్ దగ్గరే. మిగిలినవన్నీ దాని పర్యవసానాలు. తక్కువ రేటు వేసిన ఏజెన్సీకి పని దక్కుతుంది. ఆ తేడాను అది ఎక్కడినుంచి తెస్తుందో ఎవరూ అడగరు. ఈ లెక్క ఒకసారి కాగితం మీద వేయండి.

కనీస వేతనం నెలకు 15,000 రూపాయలనుకుందాం. యజమాని తరఫు పీఎఫ్ 12 శాతం, దానికి బీమా అర శాతం, పాలన ఖర్చులు అర శాతం కలిపి 13 శాతం, అంటే 1,950. ఈఎస్‌ఐ యజమాని వాటా 3.25 శాతం, 487.50. కనీస బోనస్ 8.33 శాతం, 1,249.50. గ్రాట్యుటీకి కేటాయింపు 4.81 శాతం, 721.50. మొత్తం 19,408.50 రూపాయలు. ఇందులో ఆర్జిత సెలవుల జీతం, పండుగ సెలవులు, యూనిఫాం, సర్వీస్ ఛార్జి ఏదీ లేదు. వీటన్నిటి మీదా 18 శాతం జీఎస్టీ అదనం.

ఇప్పుడు ఒక ఏజెన్సీ సర్వీస్ ఛార్జితో సహా 17,500కే ఇస్తానంది. దాదాపు రెండు వేలు ఎవరి జేబులోంచి వస్తాయి? పీఎఫ్ తక్కువ వేతనం మీద కడతారు, బోనస్ ఎగ్గొడతారు, గ్రాట్యుటీ ఊసే ఉండదు, లేదా జీతం బ్యాంకులో వేసి ఏటీఎం కార్డు సూపర్‌వైజర్ దగ్గర పెట్టుకుని కొంత వెనక్కి తీసుకుంటారు. ఆ రేటును ఒప్పుకున్న పర్చేజ్ మేనేజర్‌కు ఇది తెలియదంటే ఏ విచారణలోనూ నిలవదు. చట్టబద్ధమైన కనీస ఖర్చుకన్నా తక్కువ కొటేషన్లను తెరవగానే పక్కన పెట్టాలి, పోటీ సర్వీస్ ఛార్జి మీదే ఉండాలి. మార్పు చేయడానికి ఒక్కటే అవకాశం ఇస్తే నేను మార్చేది ఇదే.

రేటులో దాక్కునే ఇంకో మోసం మనుషుల సంఖ్య. ఇరవైనాలుగు గంటల కాపలా పోస్టుకు వారానికి 168 గంటలు. ఒక మనిషి వారానికి 48 గంటలే పనిచేయాలి. భాగిస్తే మూడున్నర మంది. సెలవులు కలిపితే ఇంకా ఎక్కువ. ముగ్గురికే రేటు వేశారంటే ఎవరికో వారాంతపు సెలవు లేదన్నమాట. ఇద్దరితో పన్నెండేసి గంటలు నడిపిస్తున్నారంటే ఓవర్‌టైమ్‌కు రెట్టింపు వేతనం ఇవ్వాలి, కానీ బిల్లులో అది కనిపించదు.

వేతన నిర్మాణం గురించి కూడా ఇక్కడే చూడండి. కొత్త నిర్వచనం ప్రకారం ఇంటి అద్దె, ప్రయాణ భత్యం లాంటి, వేతనంగా లెక్కించని భత్యాలు మొత్తం చెల్లింపులో సగం దాటితే, దాటిన భాగాన్ని వేతనంలోనే కలుపుతారు. మొత్తం 20,000, అందులో బేసిక్ 7,000, భత్యాలు 13,000 అనుకోండి. సగం 10,000 కాబట్టి పైనున్న 3,000 వేతనంలో చేరుతుంది. పీఎఫ్, గ్రాట్యుటీ లెక్కలు అక్కడినుంచి మొదలవుతాయి. బేసిక్ తగ్గించి పీఎఫ్ మిగుల్చుకునే పాత పద్ధతికి కాలం చెల్లింది.

అయిదో అడుగు: ఒప్పందం

రాయాల్సినవి చాలానే ఉంటాయి, లాయరు రాస్తాడు. మీరు మాత్రం కొన్నింటిని వదలకండి. పనిని ఫలితం రూపంలో చెప్పండి: "20 మంది హెల్పర్లు" అనకుండా "ఫలానా విస్తీర్ణంలో ఫలానా ప్రమాణంలో శుభ్రత" అనండి. కనీస వేతనం పెరిగిన రోజునుంచే రేటు దానంతటదే పెరగాలి. ఈ క్లాజు లేకపోతే ఏజెన్సీ కార్మికుడి జీతం ఆపుతుంది. చలానాలు ఇస్తేనే బిల్లు కడతామనే షరతు, ప్రిన్సిపల్ ఎంప్లాయర్ చెల్లించాల్సి వస్తే బిల్లులోంచి కోసుకునే హక్కు, సబ్ కాంట్రాక్టు నిషేధం, నష్టపరిహార హామీ ఉండాలి. హామీ రాయించుకున్నంత మాత్రాన కార్మికుడి పట్ల మీ బాధ్యత పోదు. అది మీకూ కాంట్రాక్టర్‌కూ మధ్య లెక్క తేల్చుకోవడానికి మాత్రమే.

ఏజెన్సీల వైపు నుంచి ఒక మాట. "క్లయింట్ బిల్లు కట్టాకే జీతాలు" అనే ఏర్పాటుకు చట్టంలో చోటు లేదు. వేతనం తర్వాతి నెల ఏడో తేదీలోపు పడాలి. క్లయింట్ అరవై రోజులకు కడతాడు, జీఎస్టీ మాత్రం ఇన్వాయిస్ వేసిన నెలకే కట్టాలి. కాబట్టి కనీసం రెండు నెలల జీతాలకు సరిపడా పెట్టుబడి లేకుండా కొత్త క్లయింట్‌ను ఒప్పుకోకండి. మీరు సూక్ష్మ, చిన్న సంస్థగా ఉద్యం (చిన్న సంస్థల ప్రభుత్వ నమోదు) రిజిస్ట్రేషన్ పొంది ఉంటే 2006 నాటి ఎంఎస్‌ఎంఈ అభివృద్ధి చట్టం ప్రకారం క్లయింట్ 45 రోజులు దాటించకూడదు. ఒప్పందంలో ఎన్ని రోజులు రాసుకున్నా సరే. ఈ హక్కును అడగడానికి మొహమాటపడొద్దు.

ఆరో అడుగు: చేర్చుకోవడం

ప్రతి మనిషికీ అపాయింట్‌మెంట్ లెటర్ ఉండాలి, అది కాంట్రాక్టర్ లెటర్‌హెడ్ మీద ఉండాలి. అందులో వేతనం, పని, పనిగంటలు అతనికి అర్థమయ్యే భాషలో రాయాలి. పాత యూఏఎన్ (ఉద్యోగం మారినా మారని పీఎఫ్ నంబరు) ఉంటే కొత్తది సృష్టించకుండా అదే కొనసాగించాలి. ఏజెన్సీ మారినప్పుడల్లా కొత్త నంబరు వేయడం వల్ల కార్మికుల పీఎఫ్ నాలుగైదు ఖాతాల్లో చిక్కుకుపోతుంది. ఆధార్‌లో పేరు, పుట్టిన తేదీ తేడా ఉంటే చేరిన వారంలోనే సరిచేయించండి. డబ్బు తీసుకోవాల్సిన రోజున తేడా బయటపడితే నెలల తరబడి తిరగాలి.

గుర్తింపు పత్రాల కాపీలు అందరి ఫోన్లలో, గ్రూపుల్లో తిరగనివ్వకండి. 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఏజెన్సీలకూ వర్తిస్తుంది. అసలు సర్టిఫికెట్లను తాకట్టులా పెట్టుకోవడమైతే పూర్తిగా మానేయాలి.

ఏడో అడుగు: నెలనెలా తనిఖీ

ఎంత మంచి ఒప్పందమైనా నెలవారీ తనిఖీ లేకపోతే ఏడాదిలో సడలిపోతుంది. ప్రతి నెలా నాలుగు కాగితాలను పక్కపక్కన పెట్టి చూడండి: గేటు హాజరు, కాంట్రాక్టర్ మస్టర్ (హాజరు పట్టీ), బ్యాంకు చెల్లింపుల జాబితా, పీఎఫ్-ఈఎస్‌ఐ చలానాలతో పాటు పేర్ల జాబితా. నాలుగింటిలోనూ అవే పేర్లు, పొంతన కుదిరే రోజులు, పొంతన కుదిరే మొత్తాలు ఉండాలి.

చలానా ఒక్కటే చూసి సంతకం పెట్టేవాళ్లు మోసపోతారు. ఏజెన్సీకి ఒకే పీఎఫ్ కోడ్ కింద పది మంది క్లయింట్ల మనుషులుంటారు. ఒకే చలానాను పది మందికీ చూపించవచ్చు. కాబట్టి మీ సైటు మనుషుల పేర్లు యూఏఎన్‌తో సహా ఈసీఆర్ (పీఎఫ్ కట్టేటప్పుడు నెలనెలా దాఖలు చేసే రిటర్న్) జాబితాలో ఉన్నాయో లేదో ఒక్కొక్కటిగా చూడాలి. ప్రిన్సిపల్ ఎంప్లాయర్ తన కాంట్రాక్టర్ల చెల్లింపులను చూసుకునే సౌకర్యం పీఎఫ్ సంస్థ పోర్టల్‌లోనే ఉంది. దాన్ని వాడేవాళ్లు ఎంత తక్కువంటే బాధేస్తుంది.

జాబితాలో ఇంకో కిటుకు పని చేయని రోజుల గడి. మనిషి 26 రోజులు వచ్చినా, పది రోజులు రాలేదని చూపించి మిగతా రోజుల వేతనం మీదే పీఎఫ్ కడతారు. మస్టర్‌తో పోలిస్తే తప్ప ఇది దొరకదు.

పీఎఫ్, ఈఎస్‌ఐ రెంటికీ గడువు తర్వాతి నెల 15. పీఎఫ్ ఆలస్యమైతే ఏడాదికి 12 శాతం వడ్డీ, దానిపైన నష్టపరిహారం కూడా పడతాయి.

వేతనం, బోనస్ అందలేదని కార్మికుడు ఫిర్యాదు చేస్తే, ఇచ్చామని నిరూపించాల్సిన భారం యజమానిదే. మూడేళ్ల వెనకటి బకాయిల దాకా దావా వేయవచ్చు. అందుకే రికార్డులను ఏజెన్సీ దగ్గర వదలకుండా, ప్రతి నెలా మీ దగ్గర ఒక కాపీ ఉంచుకోండి. కాంట్రాక్టర్ మారిపోయాక పాత మస్టర్ కోసం అతని వెంట తిరగడం వృథా.

మూడు నెలలకొకసారి సైటుకెళ్లి కార్మికులతో మాట్లాడండి. ఈ పని జూనియర్‌కు అప్పగించకండి. బాత్‌రూములు, తాగునీరు, క్యాంటీన్, ప్రథమ చికిత్స సౌకర్యాల బాధ్యత కోడ్ కింద నేరుగా ప్రిన్సిపల్ ఎంప్లాయర్‌దే. కాంట్రాక్టర్ చూసుకోవాలనే మాట ఇక్కడ చెల్లదు.

ఎనిమిదో అడుగు: ఎవరు ఎవరికి చెప్పాలి

ఒప్పందం బూటకమా, నిజమా అని కోర్టు చూసేటప్పుడు కాగితం కన్నా నడవడి చూస్తుంది. 2001లో స్టీల్ అథారిటీ కేసులో సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం, కాంట్రాక్టు వ్యవస్థను నిషేధించినంత మాత్రాన కార్మికులు తమంతట తాము ప్రిన్సిపల్ ఎంప్లాయర్ ఉద్యోగులైపోరని చెప్పింది. దానికి ముందు ఎయిర్ ఇండియా కేసులో ఇచ్చిన తీర్పును పక్కన పెట్టింది. అదే తీర్పులో, కాంట్రాక్టు వట్టి ముసుగు అని తేలితే వాళ్లు ప్రిన్సిపల్ ఎంప్లాయర్ మనుషులేనని కూడా చెప్పింది. మొదటి సగం మాత్రమే గుర్తుపెట్టుకునే వాళ్లు ఎక్కువ.

ముసుగని ఎలా తేలుతుంది? 2014లో బల్వంత్ రాయ్ సలూజా కేసు కొన్ని గుర్తులు చెప్పింది: నియమించేది ఎవరు, జీతమిచ్చేది ఎవరు, తీసేసే అధికారం ఎవరిది, క్రమశిక్షణ చర్య ఎవరిది, సర్వీసు కొనసాగింపు ఉందా, అదుపూ పర్యవేక్షణా ఎంత పూర్తిగా ఉన్నాయి. 2009లో అంతర్జాతీయ విమానాశ్రయ ప్రాధికార సంస్థ కేసులో కోర్టు ఇంకో తేడా చూపింది. పని జరిగేచోట ప్రిన్సిపల్ ఎంప్లాయర్ ఏం చేయాలో చెప్పినంత మాత్రాన యజమాని కాడు, మనిషిని ఎక్కడికి పంపాలో నిర్ణయించే ప్రాథమిక అదుపు కాంట్రాక్టర్ దగ్గరే ఉండాలి.

ఈ తేడాను రోజువారీ పనిలోకి దించుకోవాలి. మీ షిఫ్ట్ ఇన్‌చార్జి కాంట్రాక్టు కార్మికుడికి సెలవు మంజూరు చేయకూడదు, ఆ సంతకం కాంట్రాక్టర్ సూపర్‌వైజర్‌ది. మీ హెచ్‌ఆర్ ఇంటర్వ్యూ చేసి ఎంపిక చేసి, ఆ పేరు ఏజెన్సీకి పంపి "మీ రోల్స్‌లో వేసుకోండి" అనకూడదు. చాలా కార్పొరేట్ ఆఫీసుల్లో ఇది మామూలైపోయింది. దీని ప్రమాదం అసలు అర్థం కావడం లేదు. మెమో మీ లెటర్‌హెడ్ మీద ఇవ్వకూడదు. మీ కంపెనీ మెయిల్ ఐడీ, విజిటింగ్ కార్డు, వార్షిక మదింపు ఇవ్వకూడదు. ప్రవర్తన బాగోకపోతే కాంట్రాక్టర్‌కు రాయాలి, చర్య అతను తీసుకోవాలి.

ఏజెన్సీ సూపర్‌వైజర్ సైట్‌లో ఉండాలి, పేరుకు కాదు, పని పంచడానికి. 200 మందికి ఒక్క సూపర్‌వైజర్, అతనూ వారానికి రెండు రోజులు వస్తాడంటే అదుపు ఎవరిదో వేరే చెప్పనక్కర్లేదు.

వీటన్నిటినీ పాటించడం కార్మికుడిని దూరం పెట్టడమనుకోవద్దు. బస్సు, క్యాంటీన్, భద్రతా పరికరాలు, శిక్షణల్లో తేడా చూపాల్సిన అవసరం ఏ చట్టంలోనూ లేదు. హెల్మెట్, బూట్లు పర్మనెంట్ వాళ్లకో రకం, వీళ్లకో రకం ఇస్తున్న సంస్థలు సిగ్గుపడాలి.

ప్రమాదాలు, వేధింపులు

ఈఎస్‌ఐ పరిధి నెలకు 21,000 రూపాయల వేతనం వరకు. దాటిన వాళ్లకు పనిలో ప్రమాదం జరిగితే నష్టపరిహారం యజమాని ఇవ్వాలి. కాంట్రాక్టర్ ఇవ్వకపోతే ప్రిన్సిపల్ ఎంప్లాయర్ ఇచ్చి తర్వాత వసూలు చేసుకోవాలి. కాబట్టి 21,000 దాటిన ప్రతి మనిషికీ ప్రమాద పరిహార బీమా పాలసీ ఉందో లేదో మొదటి రోజే చూడండి. ఈఎస్‌ఐ వర్తించే వాళ్లకు నంబరు చేరిన రోజే తీయాలి. చేరిన పదో రోజు ప్రమాదం జరిగాక తీయడానికి పరుగెత్తితే చిక్కుల్లో పడతారు.

మహిళల విషయంలో 2013 నాటి లైంగిక వేధింపుల నిరోధక చట్టం ప్రకారం కాంట్రాక్టర్ ద్వారా వచ్చినవాళ్లు కూడా మీ పని ప్రదేశంలో ఉద్యోగులే. హౌస్‌కీపింగ్ మహిళ ఫిర్యాదును "మీ ఏజెన్సీకి చెప్పుకోమ్మా" అని తిప్పి పంపకూడదు. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు తెలుగులో, ఆమెకు కనిపించేచోట పెట్టండి.

చివరి అడుగు: ముగించడం, కాంట్రాక్టర్‌ను మార్చడం

ఉద్యోగం మానేసినా, తీసేసినా బకాయి వేతనం రెండు పనిదినాల్లో ఇవ్వాలని వేతనాల కోడ్ చెబుతోంది. "వచ్చే నెల సైకిల్‌లో" అనే పద్ధతిని ఏజెన్సీలు ఇప్పుడే వదిలించుకోవాలి. అడిగితే అనుభవ ధ్రువపత్రం ఇవ్వడం కూడా కాంట్రాక్టర్ విధి. ఒక కాగితమే, కానీ తర్వాతి ఉద్యోగం దాని మీద ఆధారపడి ఉంటుంది.

అసలు చిక్కు మనుషులు అలాగే ఉండి కాంట్రాక్టర్ మాత్రం మారినప్పుడు వస్తుంది. అదే కుర్చీ, అదే పని, పదేళ్లలో నలుగురు కాంట్రాక్టర్లు. కార్మికుడు తన నిజమైన యజమాని మీరేనని చెప్పడానికి ఇంతకన్నా మంచి ఆధారం ఉండదు. పైగా ప్రతి మార్పులోనూ అతని గ్రాట్యుటీ, సెలవులు గాలిలో కలిసిపోతాయి. కాబట్టి మార్చాల్సి వస్తే పాత కాంట్రాక్టర్ తన మనుషులను వేరే సైట్లకు తీసుకెళతాడా, చట్టప్రకారం లెక్క తేల్చి పంపిస్తాడా అనేది ముందే రాతలో తేల్చుకోండి. కొత్త కాంట్రాక్టర్ తనకు నచ్చినవాళ్లను తానే ఎంచుకోవాలి. మీరు జాబితా ఇవ్వకండి.

పాత కాంట్రాక్టర్ చివరి రెండు నెలల బిల్లు ఆపి ఉంచండి. ప్రతి మనిషి పేరు ఎదురుగా చివరి జీతం, సెలవుల డబ్బు, బోనస్, గ్రాట్యుటీ, పీఎఫ్ నిష్క్రమణ తేదీ నమోదు ఉన్న జాబితా అడగండి. నిష్క్రమణ తేదీ వేయకపోతే ఆ కార్మికుడి పీఎఫ్ బదిలీ చిక్కుల్లో పడుతుంది. ఆ తర్వాత జాబితాలోంచి పది మందికి మీరే ఫోన్ చేసి డబ్బు అందిందా అని అడగండి. అందరూ అందిందన్నాకే చివరి చెక్కు మీద సంతకం పెట్టండి.